గాలి యంత్రానిది, నడక మనది

(పెబ్బేరులో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి సీనియర్ అసిస్టెంటుగా రిటైరయిన వాడిని. డెబ్బయి దాటి కొన్నేళ్ళయింది. "మీ ఇంట్లో దమ్ము జబ్బు ఉంది, ఇన్నేళ్ళుగా వైద్యుల దగ్గరికి తిరుగుతున్నారు, మీకు తెలిసింది నలుగురికీ చెప్పండి" అని మన కార్యదర్శి గారు అడిగారు. వచ్చిన కాగితం చదివి, నోటు రాసి, పై అధికారి ముందు పెట్టడం గుమాస్తా పని. ఈ విషయంలోనూ నేను చేసింది అదే. ఈ ఫైలు మీద సంతకం చేయవలసింది మాత్రం మీ డాక్టరు గారే. నా మాట విని ఎవరూ మందు మానవద్దు, కొత్త మందు మొదలుపెట్టవద్దు.

దమ్ము, ఆయాసం, పడిశం తగ్గని దగ్గు అని మనం రకరకాలుగా చెప్పుకునే ఈ జబ్బును వైద్యులు సీఓపీడీ అంటారు. ఊపిరితిత్తులలోని గాలి గొట్టాలు సన్నబడి, గాలి తిత్తులు సాగిపోయి, లోపలికి వెళ్ళిన గాలి పూర్తిగా బయటికి రాక చిక్కుకుపోతుంది. మన దేశంలో 1990లో సుమారు 2 కోట్ల 80 లక్షల మందికి ఉన్న ఈ జబ్బు 2016 నాటికి సుమారు 5 కోట్ల 50 లక్షల మందికి చేరిందని లెక్కలు వేశారు. ఇది బీడీలు, చుట్టలు తాగే మగవారి జబ్బు అని మనవాళ్ళ నమ్మకం. కాని మన దేశంలో ఈ జబ్బు భారంలో సగానికి పైగా వాయు కాలుష్యం వల్లనే. ఇంట్లో పొయ్యి పొగ కూడా అందులో భాగం. పొగాకు వాటా నాలుగో వంతు.

నా శ్రీమతి జన్మలో బీడీ ముట్టలేదు. కాని పెళ్ళయి వచ్చిన నాటి నుండి కందికట్టె, పత్తికట్టె, పిడకలు పెట్టి, ఊదుగొట్టంతో పొయ్యి ఊది, ఉమ్మడి కుటుంబానికి వండిపెట్టింది. ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం 1999లో వచ్చింది. దేశమంతటికీ ఉజ్వల పథకం 2016లో వచ్చింది. ఈ సభలో కూర్చున్న అమ్మలలో చాలామంది అంతకుముందే సగం జీవితం పొగలో గడిపారు. కాబట్టి ఆయాసం వస్తే "వయసు మీద పడింది" అని సరిపెట్టుకోకండి. ఊపిరి ఊది చూసే స్పైరోమెట్రీ పరీక్ష చేయించండి.

ఇక అసలు విషయానికి వస్తాను. 2021 ఏప్రిల్, మే నెలలు మనలో ఎవరూ మరచిపోలేదు. కరోనా రెండవ విడతలో ప్రాణవాయువు కోసం దేశమంతా పరుగులు తీసింది. ఆ ఏప్రిల్‌లోనే బేగంపేట నుండి ఖాళీ ట్యాంకర్లను సైనిక విమానాలలో భువనేశ్వర్‌కు పంపి, ఒడిశా నుండి ఆక్సిజన్ తెప్పించుకున్నాము. అప్పుడే పల్స్ ఆక్సీమీటర్ అనే చిన్న పరికరం ఇంటింటికీ వచ్చింది. స్తోమత ఉన్నవారు ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు కూడా కొన్నారు. ధరలు విపరీతంగా పెరగడంతో, వాటిపై అమ్మకందారుల లాభం 70 శాతం దాటరాదని కేంద్ర ప్రభుత్వం 2021 జూన్‌లో ఉత్తర్వు ఇచ్చింది.

కరోనా తగ్గింది, యంత్రాలు అటక మీద మిగిలాయి. ఇప్పుడు వాడకట్టులో ఎవరికి దమ్ము వచ్చినా "మా ఇంట్లో మిషను ఉంది, తీసుకుపోండి" అంటున్నారు. వారి మనసు మంచిదే. కాని ఎవరికి పెట్టాలో, ఎంత పెట్టాలో తెలియకుండా పెట్టుకుంటే అది మందు కాదు, అపాయం. మరోవైపు, నిజంగా అవసరమైన వారు "ఆక్సిజన్ పెట్టారంటే ఆఖరి ఘడియలే" అని భయపడి యంత్రాన్ని దూరం పెడుతున్నారు. రెండూ మన పెబ్బేరులోనే చూశాను.

యంత్రం అంటే ఏమిటో ముందు రెండు ముక్కలు చెబుతాను. మనం పీల్చే గాలిలో ప్రాణవాయువు 21 శాతం, నత్రజని 78 శాతం. కాన్సన్‌ట్రేటర్ గదిలోని గాలినే లోపలికి లాగి, జియోలైట్ అనే పదార్థం గుండా నెడుతుంది. అది నత్రజనిని పట్టి ఉంచుతుంది. మిగిలిన గాలి 90 శాతానికి పైగా ప్రాణవాయువుతో గొట్టంలోకి వస్తుంది. సిలిండరులా నింపుకునే పని లేదు, కరెంటు ఉంటే చాలు.

ఇది ఎవరికి మేలు చేస్తుంది? 1981లో ఇంగ్లాండులో వెలువడిన ఒక పరిశోధన ఫలితం చెబుతాను. ఈ జబ్బుతో రక్తంలో ప్రాణవాయువు బాగా తగ్గిపోయిన 87 మందిని తీసుకున్నారు. 42 మందికి రోజుకు కనీసం 15 గంటలు ఇంట్లో ఆక్సిజన్ ఇచ్చారు. 45 మందికి ఇవ్వలేదు. ఐదేళ్ళలో ఆక్సిజన్ తీసుకున్న వారిలో 19 మంది చనిపోయారు. తీసుకోని వారిలో 30 మంది చనిపోయారు. అమెరికాలో 1980లో 203 మందితో చేసిన పరిశోధనలో కూడా, రాత్రిపూట మాత్రమే పెట్టుకున్న వారి కంటే పగలు కూడా పెట్టుకున్న వారు ఎక్కువ కాలం బతికారు. అంటే అవసరమైన వారికి ఈ యంత్రం ఆయుష్షు పోస్తుంది. ఆఖరి ఘడియ అనేది వట్టి భయం.

అయితే "అవసరమైన వారు" అంటే ఎవరు? జబ్బు నిలకడగా ఉన్న రోజుల్లో, మందులు సరిగా వాడుతూ, కదలక కూర్చున్నప్పుడు కూడా ఆక్సీమీటరులో 88 లేక అంతకంటే తక్కువ ఉండేవారు. మణికట్టు దగ్గరి నాడి నుండి రక్తం తీసి చేసే ఏబీజీ పరీక్షలో ప్రాణవాయువు ఒత్తిడి 55 లేక అంతకంటే తక్కువ ఉండేవారు. కాళ్ళవాపు, గుండె కుడివైపు మీద భారం వంటివి ఉంటే 56 నుండి 59 వరకు ఉన్నవారికి కూడా వైద్యులు రాస్తారు. వేలికి పెట్టుకునే పరికరం అంకె ఒక్కటే చాలదు. చేతులు చల్లగా ఉన్నా, గోళ్ళకు రంగు ఉన్నా తప్పు చూపుతుంది. చర్మం నలుపు ఎక్కువైన వారిలో ఉన్నదాని కంటే ఎక్కువ చూపవచ్చని 2020లో అమెరికాలో గమనించారు. అందుకే ఏబీజీ కావాలి. ఊపిరితిత్తుల డాక్టరు ఉన్న పెద్దాసుపత్రికి ఒకసారి వెళ్ళి రావడం తప్పదు. హైదరాబాదు ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి పేరు మీకందరికీ తెలుసు. మన వనపర్తికి, పక్కన నాగర్‌కర్నూలుకు 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ముందు అక్కడ విచారించండి.

మరొక మాట. జబ్బు ఎక్కువై ఆసుపత్రిలో చేరినప్పుడు ఆక్సిజన్ పెట్టి, ఇంటికి కూడా రాసి పంపుతారు. అది శాశ్వత ఉత్తర్వు కాదు. రెండు మూడు నెలల్లో మళ్ళీ పరీక్ష చేసి, కొనసాగించాలో మానాలో నిర్ణయించాలి. తాత్కాలిక ఉత్తర్వును ఎవరూ సమీక్షించకపోతే అదే శాశ్వతమైపోతుందని ఆఫీసుల్లో పనిచేసిన మనకు ఒకరు చెప్పాలా?

ఇప్పుడు మా ఇంటి సంగతి. నా శ్రీమతికి కూర్చున్నప్పుడు 92 ఉండేది. వాకిట్లో నుండి వీధి చివరకు నడిస్తే దమ్ము. ఆసుపత్రిలో ఆరు నిమిషాల నడక పరీక్ష చేశారు. ఆరు నిమిషాల్లో 190 మీటర్లు నడిచింది, మధ్యలో రెండుసార్లు ఆగింది. చివరలో ఆక్సీమీటరు 86 చూపింది. మా అబ్బాయి అక్కడే "అయితే భుజానికి తగిలించుకునే చిన్న ఆక్సిజన్ మిషను కొంటాను, అమ్మ హాయిగా నడుస్తుంది" అన్నాడు. మీలో ఎవరైనా అలాగే అనుకుంటారు. డాక్టరు గారు తొందరపడవద్దన్నారు.

ఆయన చెప్పిన కారణం విన్న తరువాత నేను కూడా దాని గురించి చదివాను. 1960లలో అమెరికాలోని డెన్వర్ నగరంలో థామస్ పెట్టీ అనే వైద్యుడు రోగులకు వెంట తీసుకుపోయే ఆక్సిజన్ ఇచ్చి నడిపించాడు. చాలామంది మంచం దిగి నడవసాగారు. కాని వారు కూర్చున్నప్పుడు కూడా ప్రాణవాయువు చాలక బాధపడేవారు. కూర్చున్నప్పుడు కొంచెమే తక్కువగా, నడిచినప్పుడు మాత్రం తగ్గేవారి సంగతి వేరు. అటువంటి 738 మందితో అమెరికాలో చేసిన పెద్ద పరిశోధన ఫలితాలు 2016లో వచ్చాయి. ఇంట్లో ఆక్సిజన్ వాడినవారికీ వాడనివారికీ ఆయుష్షులో తేడా లేదు, ఆసుపత్రిలో చేరడంలో తేడా లేదు, ఆరు నిమిషాల్లో నడిచే దూరంలో కూడా తేడా లేదు.

ఇంకా ఆసక్తికరమైనది 2019లో ఆస్ట్రేలియాలో వెలువడింది. నడిస్తే ప్రాణవాయువు తగ్గే 111 మందికి వారానికి మూడు రోజుల చొప్పున ఎనిమిది వారాలు నడక, సైకిలు తొక్కడం నేర్పారు. సగం మందికి ముక్కు గొట్టంలో ఆక్సిజన్, సగం మందికి మామూలు గాలి. ఎవరికి ఏది వస్తుందో వారికి తెలియదు. ఎనిమిది వారాల తరువాత రెండు జట్లూ మునుపటి కంటే బాగా నడిచాయి, దాదాపు సమానంగా నడిచాయి. మేలు చేసింది గొట్టంలోని వాయువు కాదు, అభ్యాసం.

కారణం సులభమే. దమ్ము వస్తుందని మనిషి నడక మానేస్తాడు. నడక మానితే తొడల కండ కరుగుతుంది. కండ కరిగితే కొద్ది దూరానికే ఎక్కువ గాలి కావలసి వస్తుంది, దమ్ము ఇంకా పెరుగుతుంది. ఇంట్లో వాళ్ళు ప్రేమతో "నువ్వు లేవకు, మేము తెచ్చిస్తాము" అంటారు. మంచం మీదకే మంచినీళ్ళు వస్తాయి, కాళ్ళు ఇంకా బలహీనపడతాయి. ఊపిరితిత్తులలో చెడిన భాగాన్ని నడక బాగు చేయదు. కాని కాళ్ళకు బలం వస్తే అదే గాలితో ఎక్కువ దూరం పోవచ్చు. ఇంజను పాతదే అయినా చక్రాలకు కందెన వేస్తే బండి తేలికగా పోయినట్టు. 2015లో 65 పరిశోధనలను కలిపి చూస్తే, ఇలాంటి క్రమమైన వ్యాయామంతో ఆరు నిమిషాల నడక సగటున 44 మీటర్లు పెరిగింది. 30 మీటర్లు పెరిగినా మనిషికి తేడా తెలుస్తుందని వైద్యులు అంటారు. 30 మీటర్లంటే మనకు మంచం నుండి వాకిలి దాకా, ఒక్కోసారి వాకిలి నుండి గుడి దాకా.

డాక్టరు గారు, ఫిజియోథెరపీ వారు నేర్పిన ప్రకారం నా శ్రీమతి మొదలుపెట్టింది. పాఠశాల మైదానంలో దారి నేనే కొలిచాను. రెవెన్యూ మనిషికి కొలత ఎంతసేపు? గుంట అంటే 33 అడుగుల చదరం. మూడు గుంటల భుజాలు వరుసగా పెడితే 99 అడుగులు, అంటే సుమారు 30 మీటర్లు. ఆసుపత్రి వరండాలో పరీక్ష చేసేదీ అంత దూరంలోనే. రెండు చివర్లా రెండు రాళ్ళు పెట్టాను. రిజిస్టరులో తేదీ, కూర్చున్నప్పటి అంకె, నడిచిన దూరం, ఆగిన సార్లు రాస్తూ వచ్చాను. మొదటి వారం రెండేసి నిమిషాలు నడవడం, కుర్చీలో కూర్చోవడం. పది వారాలకు ఆరు నిమిషాల్లో 245 మీటర్లు, ఒక్కసారే ఆగింది. కూర్చున్నప్పటి అంకె అప్పుడూ 92, ఇప్పుడూ 92. ఊపిరితిత్తులు మారలేదు, మనిషి మారింది. నిరుడు సంక్రాంతికి ఇంటి ముందు తనే ముగ్గు వేసుకుంది. కూర్చొని వేయవద్దంటే వినలేదు.

రెండవ సంగతి మన సభ్యులలో ఒకరిది. పేరు చెప్పను, ఇక్కడే కూర్చొని నవ్వుతున్నారు. ఆయనకు కూర్చున్నప్పుడే 84. ఏబీజీ కూడా అలాగే వచ్చింది. డాక్టరు యంత్రం రాశారు. ఆయన దాన్ని దమ్ము వచ్చినప్పుడు పావుగంట పెట్టుకొని, తగ్గగానే తీసేసేవారు. తలనొప్పి మాత్రలా వాడారు. ఇది అలా పనిచేసేది కాదు. రక్తంలో కొరత ఉన్నంతసేపూ గుండె భారం మోస్తూనే ఉంటుంది, దమ్ము తెలియకపోయినా సరే. ఇప్పుడు రోజుకు 15 గంటలు పెట్టుకుంటున్నారు. రాత్రి తొమ్మిది నుండి ఉదయం ఆరు దాకా తొమ్మిది గంటలు, ఏడు నుండి పది దాకా పేపరు చదువుతూ మూడు, మధ్యాహ్నం భోజనం తరువాత మూడు. మిగతా తొమ్మిది గంటలు స్నానానికి, పూజకు, మన సభలకు. ఇరవై నాలుగు గంటలూ పెట్టుకుంటే ఇంకా మేలు కాదా అని మీకు సందేహం రావచ్చు. స్వీడన్‌లో 241 మందిని పరిశీలించి 2024లో చెప్పినది, ఏడాది కాలంలో 24 గంటలకూ 15 గంటలకూ తేడా కనిపించలేదని. ఆయన కూడా నడుస్తున్నారు. ఆయనకు నడకలో సైతం ఆక్సిజన్ అవసరమని డాక్టరు రాశారు, కాబట్టి గొట్టంతోనే నడుస్తారు. ఒకరికి రాసినది మరొకరికి వర్తించదు.

ఇంట్లో యంత్రం ఉన్నవారికి కొన్ని జాగ్రత్తలు.

మొదటిది, ఎక్కువ పెడితే ఎక్కువ మేలు అనుకోవద్దు. ఈ జబ్బు ఉన్నవారిలో కొందరికి ప్రాణవాయువు మితిమీరితే శరీరంలో బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది. పొద్దున్నే తలనొప్పి, మత్తు, మాట తడబాటు దాని గుర్తులు. ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో అంబులెన్సులలో చేసిన పరిశోధన 2010లో వచ్చింది. ఆయాసంతో ఉన్న 405 మందిలో, ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చిన జట్టులో 9 శాతం మంది చనిపోగా, 88 నుండి 92 మధ్య ఉండేటట్టు కొలిచి ఇచ్చిన జట్టులో 4 శాతమే చనిపోయారు. కాబట్టి ఒక లీటరా, రెండు లీటర్లా అన్నది డాక్టరు రాసినంతే. మనవడు మీట తిప్పకుండా చూసుకోండి.

రెండవది నిప్పు. ఆక్సిజన్ తనంతట మండదు గాని మంటను భగ్గుమనిపిస్తుంది. గొట్టం ముక్కున ఉండగా బీడీ, గ్యాసు పొయ్యి, దేవుడి దీపం, అగరువత్తి దగ్గరికి పోరాదు. ముక్కు ఎండిపోతే వాజలీను రాయవద్దు, నీటితో చేసిన లేపనం అడగండి.

మూడవది కరెంటు. ఐదు లీటర్ల యంత్రం సుమారు 350 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 15 గంటలంటే ఐదు యూనిట్ల పైన, నెలకు 155 యూనిట్ల పైన. పింఛనులో ఆ లెక్క ముందే వేసుకోండి. కరెంటు పోతే వాడడానికి ఒక బి-టైపు సిలిండరు ఉంచుకోండి. దానిలో సుమారు 1500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున పన్నెండు గంటలు వస్తుంది.

నాలుగవది శుభ్రత. యంత్రం వడపోత గుడ్డను వారానికొకసారి కడిగి ఆరబెట్టండి. నీళ్ళ సీసాలో కాచి చల్లార్చిన నీళ్ళు పోసి, రోజూ మార్చండి. గొట్టం కాళ్ళకు అడ్డుపడి పెద్దవాళ్ళు పడిపోకుండా గోడ వెంట వేయండి. అటక మీది పాత యంత్రం వాడేముందు ప్రాణవాయువు శాతం సరిగా వస్తున్నదో లేదో మెకానిక్ చేత పరీక్ష చేయించండి.

నడక విషయంలో కూడా నాలుగు మాటలు. ఈమధ్య గుండెపోటు వచ్చినవారు, ఛాతీ నొప్పి ఉన్నవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు. పీల్చే మందు రాసి ఉంటే అది సరిగా పీల్చడం ముందు నేర్చుకోండి. పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత ఆయాసం ఉండాలి, అది సరైన వేగం. దమ్ము వస్తే ముక్కుతో పీల్చి, పెదవులు గుండ్రంగా చుట్టి, పీల్చినదానికి రెట్టింపు సేపు మెల్లగా ఊదండి. మా ఇంట్లో దీన్ని "ఊదుగొట్టం ఊపిరి" అంటాము. ఆనాటి ఊదుగొట్టం చేసిన చెరుపుకు ఇది కొంత పరిహారం! బయటికి పోలేని రోజు కుర్చీలో నుండి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి. అరలీటరు నీళ్ళ సీసాలు రెండు చేతులతో ఎత్తి దించండి. తల తిరిగినా, ఛాతీ నొప్పి వచ్చినా, పెదవులు నీలిరంగుకు వచ్చినా, డాక్టరు చెప్పిన అంకె కంటే తగ్గినా ఆగిపోండి. జాతీయ రహదారి పక్కన నడవవద్దు, లారీల పొగ తప్ప మరేమీ దొరకదు. సంతనాడు దుమ్ము, కోతల కాలంలో వడ్ల ఊక దుమ్ము ఎక్కువగా ఉంటాయి. ఆ రోజుల్లో ఇంటి వసారాలోనే నడవండి.

పిల్లలకు ఒక మనవి. మీ అమ్మకో నాన్నకో యంత్రం కొనిచ్చి బాధ్యత తీరిందనుకోకండి. యంత్రం డబ్బుతో వస్తుంది. వారానికి ఐదు రోజులు అరగంట పక్కన నడిచే మనిషి డబ్బుతో రారు. ఫోనులో "బాగున్నావా" అని అడిగే బదులు "ఈ రోజు ఎన్ని చుట్లు నడిచావు" అని అడిగి చూడండి.

చివరగా, ఇంటింటా ఒక నోటు పుస్తకం పెట్టండి. రెండే రెండు గళ్ళు. ఒకటి, కూర్చున్నప్పుడు రక్తంలో ప్రాణవాయువు ఎంత. రెండు, ఆరు నిమిషాల్లో నడిచిన దూరం ఎంత. మొదటి గడి తగ్గితే యంత్రం కావాలా అని డాక్టరును అడగండి. రెండవ గడి తగ్గితే ముందు డాక్టరుకు చూపి, ఆపైన మీ కాళ్ళను అడగండి. ఒక గడిలోని కొరతను రెండవ దానితో పూడ్చలేము. పుస్తకం డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా వెంట తీసుకుపోండి. చీటీ లేని మాట కంటే రాసిన కాగితానికి విలువ ఎక్కువ అని మనకు తెలిసినంతగా మరెవరికి తెలుసు?

మైదానంలో 30 మీటర్ల దారికి నేను పెట్టిన రాళ్ళు ఇంకా అక్కడే ఉన్నాయి. రేపు ఉదయం ఆరున్నరకు మేమిద్దరం అక్కడ ఉంటాము. రాగలిగిన వారు రండి.